నందాదేవి ఎక్కిన ఇద్దరి పేర్లు సరే, మిగతావాళ్ల సంగతేంటి?

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో ఉత్తరాఖండ్‌లోని నందాదేవి శిఖరం మీద సగం పేజీ వ్యాసం వేశారు. ముందు మంచి మాట చెప్పి తర్వాత తగువుకి వస్తాను. రాశిఫలాలకీ రియల్ ఎస్టేట్ ప్రకటనలకీ మధ్య ఒక మంచుకొండకి సగం పేజీ ఇవ్వడం చిన్న విషయం కాదు, ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన నాలాంటివాడికి అది పండగే. కట్ చేసి ఫైల్లో పెట్టుకుందామని కత్తెర కూడా తీశాను. చదివాక మళ్లీ సొరుగులో పడేశాను.

మొదటి తప్పు చిన్నది. ఎత్తు 7,816 అడుగులు అని వేశారు. అడుగులు కాదు సార్, మీటర్లు. అడుగుల్లో అయితే 25,643. మీరు వేసిన లెక్కే నిజమైతే మా మందస నుంచి కనబడే మహేంద్రగిరికి అది ఒకటిన్నర రెట్లు మాత్రమే ఉండాలి, శివరాత్రికి మావాళ్లు చంకన పిల్లల్ని వేసుకుని ఎక్కేస్తారు. మహేంద్రగిరి 1,501 మీటర్లు. అలాంటివి అయిదు ఒకదాని మీద ఒకటి పేర్చినా నందాదేవి కొనకి ఇంకా మూడు వందల మీటర్లు తక్కువే. క్లాసులో ఇలాగే చెప్పేవాణ్ణి, పిల్లలు కిటికీలోంచి కొండ వైపు చూసి నోళ్లు తెరిచేవాళ్లు. కాంచన్‌జంగ తర్వాత మన దేశంలో ఎత్తయిన శిఖరం ఇదే, కాంచన్‌జంగ నేపాల్ సరిహద్దు మీద ఉంది కాబట్టి పూర్తిగా మన నేలలో ఉన్నవాటిలో ఇదే పెద్దది.

రెండో తప్పు గురించే ఈ ఉత్తరం. వ్యాసం మొత్తంలో 1936లో మొదటిసారి కొన ఎక్కిన టిల్మన్, ఒడెల్ అనే రెండు పేర్లు పదిహేను సార్లు వచ్చాయి (లెక్కపెట్టాను, పనిలేని మాస్టారు కదా). వాళ్లతో వెళ్లినవాళ్లు మాత్రం మొదటినుంచి చివరిదాకా 'కూలీలు'. ఒకచోట 'కొందరు కూలీలు', ఇంకోచోట 'స్థానిక కూలీలు', ఫొటో కింద 'కూలీలతో పర్వతారోహకులు'. ఒక్క పేరు లేదు. పేర్లు దొరకలేదా అంటే, దొరకకపోవడం కాదు, వెతకలేదు. ఎందుకంటే ఆ ఇంగ్లీషువాళ్లు తమ పుస్తకాల్లో తామే ఆ పేర్లు రాసుకున్నారు. తొంభై ఏళ్ల కిందట దొరలు రాసిన పేర్లని ఇవాళ మనం కొట్టేశామన్నమాట.

కొంచెం వెనక్కి వెళ్తాను. నందాదేవి గొప్పతనం ఎత్తులో కంటే అది కూర్చున్న చోటులో ఉంది. చుట్టూ వంద కిలోమీటర్లకి పైగా పొడవున గోడకట్టినట్టు శిఖరాలు, ఆ గోడ దాదాపు ఎక్కడా 18,000 అడుగులకి తగ్గదు, లోపల రెండు హిమానీనదాలు, మధ్యలో అమ్మవారు. గోడకి ఉన్న సందు ఒక్కటే, ఋషిగంగ కోసుకుంటూ బయటికొచ్చే లోయ. ఆ లోయలో రెండువైపులా నిట్టనిలువు రాయి. కాబట్టి కొండ ఎక్కడం తర్వాత మాట, కొండ మొదలుదాకా పోవడానికే యాభై ఏళ్లు పట్టింది. 1883లో గ్రాహం అనే ఆయన ఇద్దరు స్విస్ మనుషులతో వచ్చి లోయలో తిరిగి వెళ్లిపోయాడు. 1905లో లాంగ్‌స్టాఫ్ తూర్పు గోడ మీదికెక్కి అటువైపు తొంగిచూసి దిగిపోయాడు. 1907లో మళ్లీ వచ్చి ఆ గోడలోనే ఉన్న త్రిశూల్ (7,120 మీటర్లు) ఎక్కాడు, ప్రపంచంలో మనిషి కొనదాకా ఎక్కిన మొదటి ఏడువేల మీటర్ల శిఖరం అదే. ఆ రోజు పైన లాంగ్‌స్టాఫ్‌తో పాటు బ్రోషెరెల్ అన్నదమ్ములు ఇద్దరు, కర్బీర్ అనే గూర్ఖా సైనికుడు ఉన్నారు. మీ వ్యాసంలో లాంగ్‌స్టాఫ్ ఉన్నాడు, కర్బీర్ లేడు. కర్బీర్ మూట మోసి కిందే ఉండిపోలేదు సార్, శిఖరం మీద నిలబడ్డాడు.

ఇక 1934. ఈ భాగం మీవాళ్లు రెండు వాక్యాల్లో తేల్చేశారు, నా దృష్టిలో మొత్తం కథలో బంగారం లాంటి భాగం ఇదే. ఎరిక్ షిప్టన్, టిల్మన్ ఇద్దరే సరుకు ఓడ పట్టుకుని కలకత్తాలో దిగారు. ఇద్దరి ఖర్చూ కలిపి 300 పౌండ్లు కూడా దాటలేదు. ఆ రోజుల్లో హిమాలయ యాత్ర అంటే వందలమంది మోతగాళ్లు, టన్నులకొద్దీ డబ్బాలు. వీళ్లు మాత్రం డార్జిలింగ్ నుంచి ముగ్గుర్ని తీసుకున్నారు. అంగ్ థర్కే, పసంగ్, కుసంగ్. మొత్తం అయిదుగురు. ఋషిగంగ లోయలో చివరి నాలుగు మైళ్లు దాటడానికి వారం పైనే పట్టింది, గోడకి కరుచుకుంటూ, దొరికిన అంచు మీద మూటలు ఒకరికొకరు అందించుకుంటూ, దారి మూసుకుపోతే వెనక్కొచ్చి మళ్లీ వెతుక్కుంటూ. జూన్ మొదటి వారంలో లోపలి గడ్డిమైదానంలో అడుగుపెట్టారు. అంతకుముందు అక్కడిదాకా మనిషి వెళ్లిన దాఖలా లేదు. ఆ అయిదుగురూ మూటలు సమానంగా మోసుకున్నారు, ఒకే కుండలోది తిన్నారు. అందుకే షిప్టన్ మీద గానీ టిల్మన్ మీద గానీ నాకు కోపం లేదు, ఆ కాలపు దొరల్లో వాళ్లు వేరే రకం. లోపల అడుగుపెట్టింది అయిదుగురు అయితే మీ వ్యాసంలో ఇద్దరే ఎలా ఉన్నారన్నదే నా ప్రశ్న.

ఈ అంగ్ థర్కే మామూలు మనిషి కాదు. 1950లో ఫ్రెంచివాళ్లు అన్నపూర్ణ ఎక్కినప్పుడు షెర్పాల (ఎక్కేవాళ్లకి సామాను మోస్తూ సాయపడే హిమాలయ కొండజాతివాళ్లు) పెద్ద ఆయనే. నువ్వు కూడా శిఖరం దాకా రా అని నాయకుడు పిలిస్తే, కాళ్లు గడ్డకడుతున్నాయి, రాను అన్నాడట. వెళ్లిన ఇద్దరు ఫ్రెంచివాళ్లూ వేళ్లు పోగొట్టుకుని వచ్చారు. ఈయన కాళ్లతో నడిచి వచ్చాడు. కొండ తెలిసినవాడి లెక్క అలా ఉంటుంది.

1936కి వద్దాం. బ్రిటిష్, అమెరికన్ వాళ్లు కలిసి ఎనిమిది మంది. టిల్మన్‌ని ఆ ఏడాది ఎవరెస్ట్ జట్టులోకి తీసుకోలేదు, అంత ఎత్తు ఒంటికి పడదన్నారు. ఆయన ఇటొచ్చాడు. సామాను మోయడానికి పశ్చిమ నేపాల్ నుంచి వచ్చే దోటియాల్ కూలీలు, బద్రీనాథ్ దగ్గర మానా ఊరివాళ్లు, వీళ్లు కాక కొందరు షెర్పాలు. దోటియాల్ అంటే దోటీ ప్రాంతంవాళ్లు, అక్కడ పని లేక సీజన్‌కి కొండలు దాటి కుమావూన్, గఢ్వాల్ వచ్చి మోతలు మోసి మళ్లీ వెళ్లిపోయేవాళ్లు. ఈ మాట చదివినప్పుడు మా శ్రీకాకుళంవాళ్లకి ఇంకెవరూ గుర్తురారు, మనమే గుర్తొస్తాం. వానాకాలం, ఏరు పొంగుతోంది, దాటలేం అని దోటియాల్‌లు వెనక్కి వెళ్లిపోయారు. మీ వ్యాసకర్త దీన్ని 'కూలీలు పారిపోయారు' అని రాశారు. పారిపోవడం ఏంటండీ? సరైన బూటు లేదు, పోతే ఇంటికి కబురు చెప్పే దిక్కు లేదు, రోజుకూలీకి వచ్చినవాడు వరద ఏట్లో దిగనంటే అది పిరికితనమా? అప్పుడు మానా ఊరివాళ్లు దిగారు. వాళ్ల భుజాల మీదే ఆ యాత్ర లోపలికి పోయింది.

పైన కొండ మీద షెర్పాలు ఒక్కొక్కరే జబ్బుపడ్డారు. వాళ్లలో ఇద్దరు పసంగ్‌లు, పసంగ్ కికులి, పసంగ్ ఫుటా. షెర్పాలకి పుట్టిన వారం పేరే పెడతారు, పసంగ్ అంటే శుక్రవారం, నిమా ఆదివారం, దావా సోమవారం. మా వీధిలో పాత తరంలో సోమయ్యలు, మంగయ్యలు ఉన్నట్టే. ఒకే పేరు పదిమందికి ఉంటే రాసేవాడికి విసుగొస్తుంది, 'కూలీలు' అని కలిపేస్తాడు. పసంగ్ కికులికి మంచు మీద ఎండ కొట్టి కళ్లు దెబ్బతిన్నాయి. కితార్ అనే ఆయన, అంతకుముందు ఎవరెస్ట్ లాంటి పెద్ద పెద్ద యాత్రలు చేసినవాడు, రక్తవిరేచనాలు పట్టుకుని బేస్ క్యాంపులోనే చనిపోయాడు. ఆ సంగతి మీ వ్యాసంలో లేదు. శిఖరం ఎక్కిన తేదీ ఉంది, చనిపోయిన మనిషి లేడు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. షెర్పాలు పడిపోయాక పై క్యాంపులకి సామాను దొరలే మోసుకున్నారు. అన్నిటికంటే పై క్యాంపులో ఒడెల్‌తో ఉన్న హ్యూస్టన్ అనే కుర్రాడు పాడైన మాంసం డబ్బా తిని మంచం పట్టాడు, ఒడెల్ కిందికి కేక వేస్తే 'చార్లీకి బాగాలేదు' అన్నది గాలికి 'చార్లీ పోయాడు' అన్నట్టు వినబడి అందరూ పరుగున ఎక్కారట. హ్యూస్టన్ దిగాడు, టిల్మన్ ఉండిపోయాడు. అలా ఆగస్టు 29న టిల్మన్, ఒడెల్ కొనకి చేరి చేతులు కలుపుకున్నారు. 1950లో అన్నపూర్ణ దాకా మనిషి ఎక్కిన శిఖరాల్లో ఇంతకంటే ఎత్తయింది లేదు. అదే రోజు కింద పిండర్ నదికి వరదొచ్చి థరాలీ ఊళ్లో నలభైమంది పోయారు, అమ్మవారి కొండ తొక్కినందుకే అని అక్కడివాళ్లు అనుకున్నారు. నేను నమ్మను గానీ, మీ హెడ్డింగులో 'నందాదేవిని జయించిన' అని చూసినప్పుడు మాత్రం ఆ ఊరివాళ్ల పక్షానే ఉండాలనిపించింది. మన పైడితల్లిని ఎవరైనా జయించారని రాస్తారా?

అన్నిటికంటే నాకు నచ్చింది తర్వాతి సంగతి. కొండ దిగాక బయటికి పంపిన కబురులో 'ఇద్దరు శిఖరం చేరారు' అని మాత్రమే ఉంది, ఎవరా ఇద్దరు అన్నది చెప్పలేదు. కష్టం అందరిదీ, పేరు ఇద్దరికే ఎందుకు అని వాళ్ల ఉద్దేశం. పేరు ఉన్నవాళ్లు పేరు వద్దన్నారు, మనం పట్టుబట్టి పదిహేను సార్లు వేశాం. కళ్లు దెబ్బతిన్నవాడి పేరు, ప్రాణం పోయినవాడి పేరు అడిగే దిక్కు లేదు.

మీరు అనొచ్చు, పాత కథకి ఇంత రాద్ధాంతం ఎందుకని. నా కథ కొంచెం చెప్తాను, అప్పుడు అర్థమవుతుంది. మా నాన్న కలాసీ. లారీ నుంచి గోడౌన్‌కి బల్ల వేసి, తలగుడ్డ చుట్టుకుని, క్వింటాలు బస్తా వీపు మీద వేసుకుని ఆ బల్ల మీద నడిచేవాడు. 1978లో, నేను తొమ్మిదో తరగతి, వానకి తడిసిన బల్ల మీద కాలు జారి బస్తాతో సహా పడ్డాడు, తొడ ఎముక విరిగింది. అమ్మా నేనూ వెళ్లి షావుకారుని అడిగాం. ఆయన గుమాస్తాతో పుస్తకం తెప్పించాడు. ఆ తేదీ ఎదురుగా ఉన్నది ఇది: కలాసీలు 14. అంతే. 'మీవాడు ఆ పద్నాలుగులో ఉన్నాడని ఎక్కడ రాసుంది?' అన్నాడు. అబద్ధం ఆడలేదు ఆయన, పుస్తకంలో నిజంగానే లేదు. నాన్న పేరు ఉండాల్సిన చోట ఒక అంకె ఉంది. తర్వాత నాన్న బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు, మళ్లీ బస్తా ఎత్తలేదు, అమ్మ జీడిపప్పు బట్టీలో పిక్కలు కొట్టి నన్ను చదివించింది.

కలాసీ అనే మాట దగ్గర ఇంకో సంగతి. ఈ కొండల ఎత్తులు కొలిచిన సర్వే ఆఫ్ ఇండియాలో కూడా సామాను మోసే మనిషి పోస్టు పేరు కలాసీయే. వాళ్ల పాత పెద్ద థియోడలైట్ (కోణాలు కొలిచే యంత్రం) అరటన్ను బరువు, ఎత్తడానికి పన్నెండు మంది కావాల్సి వచ్చేది. అదే సర్వేలో 1862-63లో విశాఖపట్నం బేస్‌లైన్ (మిగతా దూరాలు లెక్కకట్టడానికి నేల మీద ముందుగా కొలిచే గీత) కొలిచారు. మన నేలకీ ఆ మంచుకొండలకీ ఏం సంబంధం అని పిల్లలు అడిగితే ఇదే చెప్పేవాణ్ణి, కలాసీల సంబంధం అని. కొలిచిన దొరల పేర్లు మ్యాపుల మీద ఉన్నాయి, కలాసీల సంఖ్య రికార్డుల్లో ఉంటుంది.

నందాదేవి మీద అణు పరికరం పోయిన సంగతి మీరు బాక్సు కట్టి వేశారు, అది బాగుంది. కానీ అందులోనూ అసలు మనుషులు జారిపోయారు. 1965లో చైనా మీద నిఘాకి అమెరికా, మన గూఢచారి శాఖలు కలిసి ప్లుటోనియంతో నడిచే యాభై ఆరు కిలోల యంత్రాన్ని పైకి పంపాయి. మంచుతుపాను వచ్చి మధ్యలో వదిలేసి దిగారు, మర్నాడు కాదు, మర్నాటి ఏడాది వెళ్తే లేదు. దాన్ని మోసిన షెర్పాలు అది వెచ్చగా ఉంటుందని దగ్గర చేరి పడుకునేవారట. వీపు మీద ఏం మోస్తున్నారో వాళ్లకి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. 1978 ఏప్రిల్‌లో మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో ఒప్పుకున్నారు. మా నాన్న పడిన ఏడాదే, అందుకే నాకు తారీఖు మర్చిపోవడం కుదరదు.

ఇదంతా పోనీ, నిన్నమొన్నటి సంగతి చూడండి. 2021 ఫిబ్రవరి 7న ఆ ఋషిగంగలోకే పైనుంచి రాయీ మంచూ విరిగిపడి వరదొచ్చింది. 1974లో గౌరాదేవి ఆడవాళ్లని వెంటబెట్టుకుని చెట్లని కాపాడిన రైణీ ఊరి దగ్గరే. రెండు వందలమందికి పైగా చనిపోవడమో గల్లంతవడమో జరిగింది, ఎక్కువమంది జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో పనికి వచ్చిన వలస కార్మికులు. అప్పుడు మన పేపర్లలో మెగావాట్లు వచ్చాయి, కోట్లు వచ్చాయి, పేర్లు రాలేదు. మన జిల్లా సంగతీ అంతే. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో శ్లాబు కూలితే 'శ్రీకాకుళానికి చెందిన ముగ్గురు కూలీలు మృతి' అని వేస్తారు. వేరావల్ బోట్ల మీద పోయినవాళ్లూ అంతే, 'జిల్లా మత్స్యకారులు'. ఏ ఊరు, ఎవరి కొడుకు అని ఇంటింటా ఫోన్లు మోగుతాయి, ఆ టెన్షన్ మీకు తెలీదు. బిల్డర్ పేరు మాత్రం ఇనిషియల్‌తో సహా ఉంటుంది.

సరే, కొండ దగ్గరికే వచ్చి ముగిస్తాను. దిద్దుబాటు వేసేటప్పుడు ఇవి వేయండి. త్రిశూల్ మీద 1907లో కర్బీర్. నందాదేవి లోపలికి 1934లో అంగ్ థర్కే, పసంగ్, కుసంగ్. 1936లో ప్రాణం పోగొట్టుకున్న కితార్. కళ్లు దెబ్బతిన్న పసంగ్ కికులి, ఈయన గురించి ఒక్క ముక్క ఎక్కువ రాయండి. మూడేళ్ల తర్వాత 1939లో కే2 (ఎవరెస్ట్ తర్వాత ఎత్తయిన శిఖరం) మీద వూల్ఫ్ అనే అమెరికన్ పై క్యాంపులో ఒంటరిగా చిక్కుకుపోతే ఆయన్ని దించడానికి కికులి మళ్లీ పైకి వెళ్లాడు, పసంగ్ కితార్, ఫిన్సూ అనే ఇద్దరితో. నలుగురిలో ఎవరూ తిరిగి రాలేదు. 1951లో నందాదేవి తూర్పు శిఖరం ఎక్కిన టెన్జింగ్ పేరు మీరు వేశారు, రెండేళ్ల తర్వాత ఎవరెస్ట్ ఎక్కాడు కాబట్టి వేశారు, ఎవరెస్ట్ కంటే ఇదే కష్టమైందని ఆయన అన్న సంగతి కూడా కలపండి. అసలు శిఖరం రెండోసారి ఎక్కింది మనవాళ్లే, 1964 జూన్ 20న నవాంగ్ గొంబు, దావా నోర్బు. అప్పుడు మాత్రం మోతగాళ్ల కులంవాళ్లే కొనమీద నిలబడ్డారు.

1983 నుంచి ఆ లోపలికి మామూలు జనాన్ని పోనివ్వడం లేదు, కాబట్టి మనలో ఎవరం వెళ్లి చూడబోయేది లేదు. పేపర్లో చదివిందే మనకి నందాదేవి.

ఉత్తరం పొడుగైంది, తెలుసు. మీకు చోటు లేకపోతే మహేంద్రగిరి తీసేయండి, సర్వే గొడవ తీసేయండి, మా షావుకారు కథ కూడా తీసేయండి. పేర్లున్న పేరా మాత్రం కత్తిరించకండి. కితార్‌లో తా దీర్ఘం ఉంది, అచ్చులో పోకుండా చూడండి. నా పేరూ అడ్రసూ మీ రూలు ప్రకారం విడిగా కాగితం మీద రాసి పెట్టాను, అది వేయక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు,
పలాస, శ్రీకాకుళం జిల్లా